ఫోన్-ఇన్ కార్యక్రమం: పసితనంలో బృహద్ధమని ఆపరేషన్ అయినవారికి పెద్దయ్యాక పరీక్షలు

వ్యాఖ్యాత: నమస్కారం. హనుమకొండ స్టూడియోలో గుండె వైద్యులు మనతో ఉన్నారు. నర్సంపేట నుంచి ఒక తల్లి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం డాక్టర్ గారూ. మా బాబుకు 18 ఏళ్లు. నాలుగు నెలల పిల్లవాడప్పుడు గుండె నుంచి వచ్చే పెద్ద నాళం ఇరుకుగా ఉందని ఆపరేషన్ చేశారు. ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్తలో. మా ఆయన ఎకరం పొలం అమ్ముదామన్నారు కానీ ఆ అవసరం రాలేదు. ఇప్పుడు కానిస్టేబుల్ పరీక్షకని తెల్లవారుజామునే పరుగెత్తుతున్నాడు. తలనొప్పి అంటాడు. ఎంఆర్ఐ తీయిస్తే ఆర్చి గోతిక్ ఆకారంలో ఉందని రాశారు. మళ్లీ ఆపరేషన్ చేయాలా సార్?

డాక్టర్: బీపీ చూశారా?

కాలర్: మందుల షాపులో చూపించాడు. 126 ఉంది.

డాక్టర్: ఏ చేతికి?

కాలర్: ఎడమ చేతికే సార్.

డాక్టర్: అమ్మా, ఇది ఎన్నిసార్లయినా చెబుతాను. కుడి చేతికి చూడాలి, కాలికీ చూడాలి. కొందరు పిల్లలకు ఎడమ చేతికి వెళ్లే నాళాన్నే కోసి, దానితో ఇరుకును వెడల్పు చేస్తారు. వాళ్లకు ఎడమ చేతి బీపీ తక్కువగా చూపిస్తుంది. దాన్ని నమ్మి కూర్చోకూడదు. కాలి బీపీ చేతికంటే 20 పాయింట్లు, అంతకుమించి తక్కువగా ఉంటే ఇరుకు మళ్లీ వచ్చిందేమో వెతకాలి.

కాలర్: గోతిక్ అంటే ఏమిటి సార్?

డాక్టర్: గుండె నుంచి పైకి వెళ్లిన బృహద్ధమని గొడుగు పిడిలా గుండ్రంగా వంగి కిందికి దిగాలి. ఆపరేషన్ అయిన కొందరిలో ఆ వంపు మెదక్ చర్చి కిటికీల పైభాగంలా మొనదేలుతుంది. అదే గోతిక్. ఇంకొందరిలో మన వరంగల్ కోటలోని కాకతీయ తోరణంలా పైన చదునుగా ఉంటుంది. మొనదేలిన చోట రక్తం సాఫీగా తిరగదు, గుండె రక్తాన్ని నెట్టినప్పుడు పుట్టే ఒత్తిడి తరంగం తిరిగి గుండెకు త్వరగా ఎదురొస్తుంది. ఒంటికి రక్తాన్ని నెట్టే గుండె గది, అంటే ఎడమ జఠరిక, రోజూ బరువుకు ఎదురు నెట్టినట్టే. ఏళ్లు గడిచేకొద్దీ దాని గోడ మందమవుతుంది.

కాలర్: ఎకోలో పనితీరు 62 శాతం అని ఉంది. బాగున్నట్టే కదా?

డాక్టర్: 62 అంటే పిండే శక్తి బాగుంది. గుండె వదులై రక్తం నింపుకోవడం ఎలా ఉందో ఆ అంకె చెప్పదు. మందమైన గోడ మొదట అక్కడే ఇబ్బంది పడుతుంది. గోడ మందం, వదులయ్యే తీరు, కవాటం చూడమని అడగండి. ఇలా పుట్టినవారిలో చాలామందికి బృహద్ధమని కవాటానికి మూడు రెక్కలకు బదులు రెండే ఉంటాయి.

కాలర్: అయితే ఆపరేషన్ తప్పదంటారా?

డాక్టర్: నేను అలా అనలేదమ్మా. ఆకారం ఒక్కదాన్ని చూసి ఎవరూ ఆపరేషన్ చేయరు. ఇరుకు మళ్లీ వచ్చి ఉంటే, పెద్దవాళ్లలో చాలాసార్లు తొడ నాళం గుండా స్టెంట్ వేయవచ్చు. ఇరుకు లేకుండా బీపీ మాత్రమే ఉంటే మాత్రలు. చివరిసారి గుండె డాక్టరుకు ఎప్పుడు చూపించారు?

కాలర్: పదో తరగతికి ముందు... బాగానే ఉన్నాడని...

డాక్టర్: ఇదే నాకు బాధ. 1944లో స్టాక్‌హోమ్‌లో క్రాఫూర్డ్ అనే సర్జన్ ఈ ఆపరేషన్ మొదలుపెట్టారు. ఇన్నేళ్లలో తెలిసిందేమిటంటే, కుట్టు ఎంత చక్కగా ఉన్నా బీపీ తర్వాత రావచ్చు. కూర్చున్నప్పుడు మామూలుగా ఉండి, పరుగెత్తితే పెరిగేవారూ ఉన్నారు. ట్రెడ్‌మిల్ మీద కుడి చేతి బీపీ చూసేవరకు బాబును పరుగు ఆపమనండి. తలనొప్పి ఉందంటున్నారు కాబట్టి ఈ వారమే వెళ్లండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. జగిత్యాల నుంచి మరొకరు.

కాలర్: సార్, మా అమ్మాయికీ ఇదే ఆపరేషన్. పెళ్లయింది. పిల్లల్ని కనవచ్చా?

డాక్టర్: చాలామంది క్షేమంగా కంటున్నారు. గర్భం రాకముందే బృహద్ధమని మొత్తానికి ఎంఆర్ఐ తీయించండి, కుడి చేతి బీపీ అదుపులో ఉండాలి. కొన్ని బీపీ మాత్రలు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి, ముందే మార్పించుకోవాలి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. మహబూబాబాద్, చెప్పండి.

కాలర్: మా పాపకు గుండెలో రంధ్రం మూశారు. బృహద్ధమనికి...

వ్యాఖ్యాత: లైన్ తెగిపోయింది. సమయం కూడా అయిపోయింది.

డాక్టర్: ఒక్క నిమిషం. నర్సంపేట తల్లి వింటుంటే, పెట్టెలో ఆపరేషన్ నాటి డిశ్చార్జి కాగితం వెతకండమ్మా. నాళాన్ని ఏ పద్ధతిలో కలిపారో అందులో రాసి ఉంటుంది. దాన్ని తీసుకుని వెళ్లండి.