కాలువ గట్టు మీద 297 కిలోమీటర్లు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. అందులోనూ వాషింగ్టన్ చుట్టుపక్కల వర్జీనియా, మేరీల్యాండ్‌లలో మనవాళ్ళు మరీ ఎక్కువ. ఆరు నెలలు ఉండి వద్దామని అక్కడికి వెళ్ళిన పెద్దవాళ్ళు ఎవరిని కదిపినా ఒకటే మాట: "కారు లేకపోతే గడప దాటలేం సార్." వాళ్ళ కోసమే ఈరోజు ఒక కాలువ గట్టు గురించి చెబుతాను. నేను ఇరిగేషన్‌లో చేసి రిటైరైనవాణ్ణి. కాలువ కనిపిస్తే చెట్ల కంటే ముందు లాకులే, అంటే పడవని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గదులే చూస్తాను. కాస్త భరించండి.

ఆ కాలువ పేరు చెసాపీక్ అండ్ ఒహాయో. వాడుకలో సీ అండ్ ఓ అంటారు. వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ దగ్గర మొదలై, పొటోమాక్ నదిని ఆనుకుని, మేరీల్యాండ్ కొండల్లో ఉన్న కంబర్‌ల్యాండ్ దాకా 184.5 మైళ్ళు, అంటే దాదాపు 297 కిలోమీటర్లు వెళుతుంది. పక్కన అంత నది ఉండగా కాలువ ఎందుకు తవ్వారంటే, ఆ నది నిండా రాళ్ళు, జలపాతాలు. పడవలు సాగవు. అందుకని పక్కనే కాలువ తవ్వి, 74 లాకులు కట్టి, పడవని మెట్టు మెట్టుగా 605 అడుగులు ఎక్కించారు. కంచర గాడిదలకి తాడు కట్టి గట్టు మీద నడిపిస్తే, అవి పడవని లాగేవి. ఆరేసి గంటలకి జత మార్చేవారు. దిగిన జత పడవలోనే ఉన్న కొట్టంలో విశ్రాంతి తీసుకునేది. పడవవాళ్ళ కుటుంబాలూ అందులోనే కాపురం. పిల్లలే గాడిదల వెంట నడిచేవారు. ఆ గాడిదలు నడిచిన గట్టే ఇప్పుడు మనం నడిచే, సైకిల్ తొక్కే బాట.

ఇంజనీరుగా నాకు నచ్చింది దాని వాలు. లెక్కేస్తే సగటున కిలోమీటరుకి 62 సెంటీమీటర్లు. అదీ ఒకేలా ఉండదు. లాకుకీ లాకుకీ మధ్య బల్లపరుపుగా పోయి, లాకు దగ్గర మాత్రం ఎనిమిది అడుగుల చిన్న ఎక్కుడు వస్తుంది. జూబ్లీహిల్స్‌లో సైకిల్ తొక్కి ఆయాసపడ్డవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది.

కోనసీమ నుంచి వచ్చినవాళ్ళకి ఇదేమీ కొత్త కాదు. గట్టు మీద మనుషులే తాడు పట్టి పడవలు లాగిన కథలు మా పెద్దవాళ్ళు చెప్పేవారు. గన్నవరం అక్విడక్టులో కింద గోదావరి పాయ వైనతేయ, పైన కాలువ. అలాంటివి సీ అండ్ ఓ మీద పదకొండు కట్టారు. వాటిలో పెద్దది మోనోకసీ నది మీద ఉంది, ఏడు ఆర్చీలు, 516 అడుగులు. మన కాలువల కాపలా చూసే లస్కర్లలాగే అక్కడా లాకుకో కాపలాదారు ఉండేవాడు. అర్ధరాత్రి పడవ వచ్చి బూర ఊదినా లేచి తలుపులు తెరవాల్సిందే. తేడా ఒక్కటి ఉంది. మన కాలువ మొదట వరికి, తర్వాత పడవకి. పడవలు పోయినా పొలం ఉంది కాబట్టి కాలువ బతికింది. వాళ్ళది ముఖ్యంగా బొగ్గు మోసిన కాలువ. బొగ్గు రైలెక్కగానే దాని పని అయిపోయింది.

రైలు ఎప్పుడో తర్వాత వచ్చి దెబ్బకొట్టిందనుకోకండి. 1828 జులై 4న అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఈ కాలువకి పార పట్టిన రోజే, బాల్టిమోర్‌లో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలుమార్గానికి శంకుస్థాపన జరిగింది. ఇద్దరి గురీ పడమటి కొండలు. రైలు 1842లో కంబర్‌ల్యాండ్ చేరింది, కాలువ 1850లో చేరింది. ఆలస్యానికి ఒక కారణం పా పా సొరంగం. 3,118 అడుగులు కొండని తొలచడానికి 1836లో మొదలుపెట్టి, మధ్యలో డబ్బుల్లేక ఆగి, చివరికి ఎలాగో ముగించారు. ఈరోజు అందులోంచి నడిచి వెళ్ళొచ్చు. లోపల చిమ్మచీకటి, టార్చి ఉండాలి. సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళడమే మర్యాద, క్షేమం కూడా.

1889 వరద కాలువని దివాలా తీయిస్తే, దాని పెత్తనం పోటీదారు రైల్వే కంపెనీ చేతికే వెళ్ళింది. 1924 వరదతో పడవలు ఆగిపోయాయి. 1938లో ఫెడరల్ ప్రభుత్వం మొత్తం కాలువని 20 లక్షల డాలర్లకి కొనేసింది. నా దృష్టిలో అసలు మలుపు అదే. చివరి నుంచి చివరి దాకా ఒకే పట్టీ, ఒకే యజమాని. ముక్కలైపోయి ఉంటే తర్వాత ఎవరెంత పోరాడినా మిగిలేది కాదు.

పోరాటమూ జరిగింది. గట్టు వెంట కార్ల రోడ్డు వేయాలనే ప్రతిపాదన వచ్చింది, 1954లో వాషింగ్టన్ పోస్ట్ దాన్ని సమర్థిస్తూ సంపాదకీయం రాసింది. సుప్రీంకోర్టు జడ్జి విలియం డగ్లస్‌కి ఒళ్ళు మండింది. నాతో నడిచి చూసి అప్పుడు రాయండని ఆ సంపాదకుడికి బహిరంగంగా సవాలు విసిరాడు. ఆ మార్చిలో ఎనిమిది రోజులు నడిచారు. చాలామంది మధ్యమధ్యలో కలిశారు, దిగిపోయారు. మొత్తం దూరం నడిచినవాళ్ళు తొమ్మిదిమంది. పత్రిక తన మాట మార్చుకుంది. అయినా జాతీయ చారిత్రక పార్కుగా చట్టం రావడానికి 1971 దాకా పట్టింది. మన దగ్గరే పనులు ఆలస్యం అనుకునేవాళ్ళు ఈ పదిహేడేళ్ళు గుర్తుంచుకోవచ్చు.

మన హైదరాబాద్ సంగతికి వస్తే, హుస్సేన్‌సాగర్‌కి మూసీ నీళ్ళు తెచ్చిన బల్కాపూర్ నాలా ఉంది. అది పడవల కాలువ కాదు, నీటి కాలువే. అయినా దాని వెంట టోలిచౌకి వైపు నుంచి సాగర్ దాకా ఒక నడక బాట ఉండి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి. ఇప్పుడు అది ఎక్కడ కాలువో, ఎక్కడ గోడల మధ్య మురుగో చెప్పలేం. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మంచిదే, నేనూ వెళతాను. కాకపోతే రోడ్డు పక్క ట్రాకులో లారీల హోరు తప్పదు. నాలాల హద్దులు ఇప్పుడైనా తేల్చి, మిగిలిన ముక్కల్ని ఒకదానితో ఒకటి కలపగలిగితే బాటలు వాటంతట అవే వస్తాయని నా నమ్మకం.

ఇక వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. మొత్తం నడవక్కర్లేదు. జార్జ్‌టౌన్ నుంచి గ్రేట్ ఫాల్స్ దాకా 14 మైళ్ళు, జలపాతం అక్కడే. అది కూడా ఎక్కువనుకుంటే కారులో గ్రేట్ ఫాల్స్‌కే వెళ్ళి, అక్కడి నుంచి మీకు ఓపికున్నంత నడవండి. హార్పర్స్ ఫెర్రీ అనే ఊరు 60వ మైలు దగ్గర, నది అవతలి ఒడ్డున ఉంటుంది. అక్కడ వంతెన మీద నిలబడి రెండు నదులు కలవడం చూడొచ్చు. దారిలో నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ ఉచిత విడిది స్థలాలు, చేతిపంపులు ఉన్నాయి. చలికాలంలో పంపులు పనిచేయవు. కొన్ని పాత లాకు ఇళ్ళని రాత్రి బసకి అద్దెకిస్తారు. వాన పడితే గట్టు బురద, రెండు రోజులు ఆగి వెళ్ళండి. గడ్డిలో పిడుదులుంటాయి, వాటివల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. ఇంటికొచ్చాక కాళ్ళు, మోకాళ్ళ వెనక భాగం చూసుకోవాలి. సైకిల్ మీదుంటే నడిచేవాళ్ళకి దారివ్వాలి, దాటేముందు బెల్లు కొట్టాలి. అక్టోబరు చివర ఆకులు రంగు మారతాయి, వీసా తేదీలు మీ చేతిలో ఉంటే అప్పుడు పెట్టుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. మోకాళ్ళ నొప్పుల సంగతి అడిగేవాళ్ళు మాత్రం ముందు మీ డాక్టర్ని అడగండి, నేను వాలు వరకే చెప్పగలను.