ఎల్స్‌వర్త్ పర్వతాలు: శిఖరం కంటే గుట్టలే ఎక్కువ చెప్పిన చోటు

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

అంటార్కిటికాలోని పర్వతాల ఊసు మన పత్రికల్లో వచ్చే సందర్భం దాదాపు ఒక్కటే. మనవాళ్లెవరో విన్సన్ శిఖరం ఎక్కి జెండా పట్టుకుని నిలబడ్డ ఫొటో వేస్తారు. దాని కింద ఎత్తు ఎంతో, చలి ఎంతో రెండు వాక్యాల్లో చెబుతారు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం గ్రామానికి చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006 జనవరి 19న ఆ శిఖరంతో మొదలుపెట్టి, 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలన్నీ ఎక్కారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2019 డిసెంబరులో అదే శిఖరానికి చేరారు. వారి ఘనతను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే విన్సన్ ఉన్న ఎల్స్‌వర్త్ పర్వతాల్లో శాస్త్రజ్ఞులకు అన్నిటికన్నా ఎక్కువ సంగతులు చెప్పింది ఆ శిఖరం కాదు, దానికి దక్షిణాన ఫొటోలకెక్కని పొట్టి గుట్టలేనని నా అభిప్రాయం. ఆ గుట్టల దగ్గరికి వెళ్లాలంటే ముందు ఈ పర్వతాలు మనిషి కంట ఎలా పడ్డాయో తెలుసుకోవాలి.

పటంలో అంటార్కిటికాను చూస్తే, దక్షిణ అమెరికా వైపు సాగిన సన్నని ద్వీపకల్పం ఒకటి కనిపిస్తుంది. ఆ ద్వీపకల్పం ఖండాన్ని కలిసే చోటికి దక్షిణాన, సముద్రం మీద తేలే రోన్ మంచు పలకకు పడమటి అంచున, సుమారు 350 కిలోమీటర్ల పొడవు, 50 కిలోమీటర్లకు కాస్త తక్కువ వెడల్పుతో ఉత్తర దక్షిణాలుగా నిలిచినవే ఎల్స్‌వర్త్ పర్వతాలు. మధ్యలో మిన్నెసోటా హిమానీనదం వీటిని రెండుగా కోస్తుంది. ఉత్తరాన ఎత్తయిన, కోసుగా ఉన్న భాగం సెంటినెల్ శ్రేణి. దక్షిణాన విడివిడి గుట్టలుగా మంచులోంచి పైకి తేలిన భాగం హెరిటేజ్ శ్రేణి. అక్కడి నుంచి దక్షిణ ధ్రువం దాదాపు 1,200 కిలోమీటర్లు. 4,892 మీటర్ల విన్సన్, దానికి 40 మీటర్లు మాత్రమే తక్కువైన టైరీ రెండూ సెంటినెల్ శ్రేణిలోనే ఉన్నాయి. ఈ ఎత్తుల కంటే నన్ను ఆశ్చర్యపరిచేది పక్కనున్న లోతు. శ్రేణికి తూర్పున రట్‌ఫర్డ్ అనే మంచు ప్రవాహం రోజుకు సుమారు ఒక మీటరు చొప్పున సముద్రం వైపు జరుగుతూ ఉంటుంది. దాని అడుగున ఉన్న నేల సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల దిగువన ఉంది. విన్సన్ కొస నుంచి ఆ అడుగుదాకా 40 కిలోమీటర్ల దూరంలోనే నేల దాదాపు 7 కిలోమీటర్లు కిందికి దిగిపోతుందన్నమాట. మంచు కప్పేయడంతో ఆ దిగుడు కంటికి కనిపించదు.

1935 దాకా ఈ పర్వతాలు ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఆ సంవత్సరం నవంబరు 23న అమెరికాకు చెందిన లింకన్ ఎల్స్‌వర్త్, పైలట్ హెర్బర్ట్ హోలిక్-కెన్యన్ కలిసి, ద్వీపకల్పం కొసన ఉన్న డండీ దీవి నుంచి పోలార్ స్టార్ అనే ఒంటి ఇంజను విమానంలో బయలుదేరారు. ఖండాన్ని అడ్డంగా దాటి, రాస్ సముద్రం వైపు ఖాళీగా పడి ఉన్న లిటిల్ అమెరికా స్థావరానికి చేరాలన్నది వారి ఆలోచన. ఆ దారిలోనే, చుట్టూ మంచు మైదానం తప్ప మరేమీ లేని చోట ఒంటరిగా నిలిచిన ఒక పర్వతశ్రేణి ఎల్స్‌వర్త్ కంట పడింది. దానికి కావలివాడు అనే అర్థం వచ్చేలా సెంటినెల్ అని పేరు పెట్టి, ఒక శిఖరానికి తన భార్య పేరు పెట్టుకున్నాడు. తరవాత రేడియో మూగబోయింది, వాతావరణం చెడింది, నాలుగుచోట్ల మంచు మీద దిగాల్సి వచ్చింది. ఒక మకాంలో రోజుల తరబడి వీచిన తుపానుకు విమానం తోకభాగమంతా పొడి మంచుతో నిండిపోతే, దాన్ని చిన్న కప్పుతో తోడి పారబోశారు. చివరికి గమ్యానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో ఇంధనం అయిపోయింది. మిగిలింది నడిచి, డిసెంబరు 15న స్థావరానికి చేరారు. వారిని వెతుక్కుంటూ వచ్చిన డిస్కవరీ-2 ఓడ 1936 జనవరిలో గానీ అక్కడికి రాలేదు.

ఇంత కష్టపడి కనుగొన్న శ్రేణిలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరాన్ని మాత్రం ఎల్స్‌వర్త్ గుర్తించలేకపోయాడు. తరవాత ఇరవై ఏళ్లకు పైగా ఆ వైపు ఎవరూ రాలేదు. 1957-58లో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం పేరిట దేశాలన్నీ అంటార్కిటికాకు బృందాలను పంపినప్పుడు, చార్లెస్ బెంట్లీ నాయకత్వంలో ఒక అమెరికన్ బృందం బర్డ్ స్థావరం నుంచి మంచు మీద నడిచే ట్రాక్టర్లలో సెంటినెల్ శ్రేణి దాకా వచ్చింది. దారి పొడవునా మంచులో పేలుడు జరిపి, నేలను తాకి తిరిగొచ్చే ప్రకంపనలను పట్టి, మంచు మందాన్ని కొలుచుకుంటూ వచ్చారు. పడమటి అంటార్కిటికాలో మంచు కింద నేల చాలాచోట్ల సముద్రమట్టానికి వందల, వేల మీటర్ల దిగువన ఉందని ఇలాంటి కొలతల వల్లే తెలిసింది. ఆ మంచు పోయి సముద్రమట్టం పెరుగుతుందేమోనని ఇవాళ శాస్త్రజ్ఞులు పడే దిగులులో చాలా భాగం అక్కడ పుట్టిందే. ఆ వేసవిలోనే అమెరికా నౌకాదళ విమానాల వాళ్లు దక్షిణపు కొసన ఉన్న భారీ శిఖరాన్ని చూశారు. అంటార్కిటికా పరిశోధనకు నిధులు రావడానికి తోడ్పడిన జార్జియా రాష్ట్ర కాంగ్రెస్ సభ్యుడు కార్ల్ విన్సన్ పేరు దానికి పెట్టారు. ఎత్తును మొదట 5,140 మీటర్లుగా లెక్కించారు. తరవాతి సర్వేలో అది 4,897కు తగ్గింది. 2004లో డేమియన్ గిల్డియా బృందం శిఖరం మీదే జీపీఎస్ పరికరం పెట్టి కొలిచాక 4,892 దగ్గర నిలిచింది.

తొలి ఆరోహణ కథ క్లుప్తంగా చెబుతాను. 1966 డిసెంబరులో నికొలస్ క్లించ్ నాయకత్వంలో పదిమంది అమెరికన్ పర్వతారోహకులను స్కీలున్న నౌకాదళ విమానం అక్కడ దించింది. డిసెంబరు 18న బారీ కార్బెట్, జాన్ ఎవాన్స్, విలియం లాంగ్, పీట్ షోనింగ్ శిఖరం చేరారు. తరవాతి రోజుల్లో మిగిలిన ఆరుగురూ ఎక్కారు. ఈ నలుగురిలో విలియం లాంగ్ 1957-58 నాటి బెంట్లీ బృందంలో వచ్చిన శాస్త్రజ్ఞుడే. విన్సన్ కంటే చాలా కఠినమైన టైరీని 1967 జనవరిలో కార్బెట్, ఎవాన్స్ ఎక్కారు. నా దృష్టిలో ఆ యాత్రలో అసలైన పర్వతారోహణ అదే.

ఇక రాళ్ల సంగతికి వద్దాం. ఎల్స్‌వర్త్ పర్వతాల్లో కేంబ్రియన్ కాలం నుంచి పెర్మియన్ కాలం దాకా, అంటే సుమారు పాతిక కోట్ల సంవత్సరాలకు పైగా సాగిన చరిత్ర పొరలుపొరలుగా ఉంది. హెరిటేజ్ శ్రేణిలోని సున్నపురాళ్లలో ట్రైలోబైట్లు అనే ప్రాచీన సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయి. ఒకప్పుడు అక్కడ లోతు తక్కువైన సముద్రం ఉండేదనడానికి అవి సాక్ష్యం. విన్సన్ శిఖరం క్రాష్‌సైట్ క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయితో ఏర్పడింది. ఇసుక పేరుకుని, నలిగి, గట్టిపడ్డ ఆ రాయి కోతకు లొంగనిది కావడం వల్లే శిఖరాలు అంత కోసుగా నిలబడ్డాయి. దానిపైన వైటౌట్ కాంగ్లోమరేట్ అనే పొర ఉంది. అది దాదాపు ముప్పై కోట్ల ఏళ్ల నాటి హిమానీనదాలు మోసుకొచ్చి పడేసిన గులకరాళ్లు, బండలు కలిసి గట్టిపడ్డది. ఆ పైన, ఎల్స్‌వర్త్ విమానం పేరే పెట్టుకున్న పోలార్‌స్టార్ పొరలో గ్లాసోప్టెరిస్ అనే మొక్క ఆకుల శిలాజాలు దొరికాయి.

సింగరేణి బొగ్గు గనుల గురించి చదువుకున్న విద్యార్థులకు ఈ పేరు కొత్త కాదు. గోదావరి లోయ బొగ్గు పొరల్లో ఉన్నదీ ఆ గ్లాసోప్టెరిస్ అడవే. ఆ బొగ్గుకు అడుగున, తాల్చేర్ పొరల్లో, అదే హిమయుగపు బండలు ఉన్నాయి. ముందు మంచు, తరవాత ఆ మంచు కరిగిన చోట బొగ్గయ్యే అడవి అనే వరుస రెండుచోట్లా ఒకటే. భారతదేశం, అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా కలిసి గోండ్వానా అనే ఒకే భూభాగంగా ఉండేవనడానికి ఈ వరుస మొదటి నుంచీ గట్టి ఆధారంగా నిలిచింది.

అయితే ఎల్స్‌వర్త్ పర్వతాల విషయంలో ఒక చిక్కు ఎదురైంది. ఇక్కడి మడతలు ఖండాన్ని అడ్డంగా దాటే ట్రాన్స్‌అంటార్కిటిక్ పర్వతాల దిశకు దాదాపు అడ్డంగా ఉన్నాయి. పొరల వరుస పక్కనున్న ప్రాంతాలతో కంటే దక్షిణాఫ్రికాలోని కేప్ పర్వతాలతో ఎక్కువగా కలుస్తోంది. ఈ పర్వతాలున్న నేల ముక్క మొదట వేరేచోట ఉండి, అక్కణ్నుంచి జరిగి ఇక్కడికి వచ్చిందని 1969లో జేమ్స్ షాఫ్ వాదించాడు. రాళ్లు ఏర్పడ్డప్పుడు వాటిలో నిలిచిపోయిన అయస్కాంత దిశను తరవాతి పరిశోధకులు కొలిచి చూస్తే, ఆ నేల ముక్క దాదాపు 90 డిగ్రీలు తిరిగినట్టు తేలింది. గోండ్వానా చీలిపోతున్న కాలంలో ఒక చిన్న ముక్క ఊడి, తిరిగి, మరోచోట చిక్కుకుందన్నమాట. పర్వతశ్రేణి మొత్తం చోటు మారిందంటే వినడానికి కట్టుకథలా ఉంటుంది గానీ, అయస్కాంత కొలతల ముందు వేరే వివరణ నిలబడలేదు.

నేను మొదట చెప్పిన గుట్టలు హెరిటేజ్ శ్రేణిలోనివి: పేట్రియట్ హిల్స్, మార్బుల్ హిల్స్, ఇండిపెండెన్స్ హిల్స్. గుట్టల మీదుగా దిగే జోరుగాలి మంచు పైపొరను ఊడ్చేయడంతో పాటు, కరగకుండానే ఆవిరై పోయేలా చేస్తుంది. దాంతో లోపలి పాత మంచు నీలిరంగులో బయటపడుతుంది. రాయిలా గట్టిగా ఉండే ఆ నీలి మంచు మీద చక్రాల విమానాలు కూడా దిగగలవు కాబట్టే 1987 నుంచి పర్వతారోహకుల మకాం ముందు పేట్రియట్ హిల్స్ దగ్గర, తరవాత యూనియన్ హిమానీనదం మీద వెలిసింది. పైన మంచు ఆవిరైపోతుంటే, ఆ లోటు పూడ్చడానికి అడుగునుంచి మంచు పైకి వస్తూ ఉంటుంది. తనతో రాళ్లను మోసుకొచ్చి గుట్టల అంచున కుప్పలు పోస్తుంది.

భద్రాచలం స్నానఘట్టాల దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అన్నట్టు, ఈ గుట్టలు మంచు మట్టాన్ని నమోదు చేసిన కొలబద్దలు. ఆ కొలబద్ద మీది గీతలను చదివే పద్ధతి చెబుతాను. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు రాతిలోని క్వార్ట్‌జ్ అనే ఖనిజాన్ని తాకితే బెరీలియం-10, అల్యూమినియం-26 వంటి అరుదైన ఐసోటోపులు, అంటే ఆ మూలకాల్లోనే బరువు తేడా ఉన్న రూపాలు, పుడతాయి. రాయి దళసరి మంచు కింద ఉన్నంత కాలం ఆ కిరణాలు చేరవు, కొత్తవి పుట్టవు. పైగా ఉన్నవాటిలో అల్యూమినియం బెరీలియం కంటే త్వరగా తరిగిపోతుంది. ఈ రెండింటి పాళ్లు చూస్తే రాయి ఎంతకాలం ఆకాశం కింద ఉందో, ఎంతకాలం మంచు కింద ఉందో లెక్క తేలుతుంది. ఈ గుట్టల నీలి మంచు అంచున పడిన రాళ్లను ఇలా పరీక్షించిన ఆండ్రూ హెయిన్, డేవిడ్ సగ్డెన్ బృందం 2016లో తన ఫలితాలను ప్రచురించింది. కొన్ని రాళ్లు అక్కడ పడి కనీసం 14 లక్షల సంవత్సరాలైంది. గుట్టల దాకా మంచు చేరితేనే రాళ్లు పైకి వస్తాయి కాబట్టి, మధ్యలో భూమి వేడెక్కిన దశలు ఎన్ని వచ్చినా ఈ ప్రాంతంలో మంచు పూర్తిగా పోలేదని దీని సారాంశం.

దీన్ని పట్టుకుని పడమటి అంటార్కిటికాకు ముప్పేమీ లేదని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదన తప్పు. ఈ గుట్టలు మంచు రెండు వైపులకూ పంచుకుపోయే ఎత్తైన ప్రాంతానికి దగ్గరలో ఉన్నాయి. ఇక్కడ మంచు మిగిలిందంటే, నేల సముద్రమట్టానికి దిగువన ఉన్న లోతట్టు ప్రాంతాల్లోనూ మిగిలిందని అర్థం కాదు. ముప్పు ఎక్కువగా ఉన్నది అముండ్‌సెన్ సముద్రం వైపు ఉన్న థ్వైట్స్ వంటి హిమానీనదాలకు. అక్కడి అడుగు లోతట్టు కావడంతో, వెచ్చని సముద్రపు నీరు కిందినుంచి తాకుతోంది. ఆ పరిశోధకులు కూడా ఈ రెండు ప్రాంతాలను వేరుచేసే మాట్లాడారు.

పక్కనున్న రట్‌ఫర్డ్ ప్రవాహం అడుగున ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వాళ్లు వేడినీటి ధారతో మంచును కరిగిస్తూ 2019 జనవరిలో 2,152 మీటర్ల లోతున ఉన్న నేలను చేరారు. 2004లో చేసిన ప్రయత్నం విఫలమైంది. ఈసారి పరికరాలను కిందికి దించి, మంచు ఉష్ణోగ్రతను, అడుగు మట్టిని, మంచు జారే తీరును కొలవడానికి వీలైంది. మంచు అడుగున తడిసిన మెత్తని మట్టి ఉంటే ప్రవాహం త్వరగా జారుతుంది. గట్టి రాయి ఉంటే నిలదొక్కుకుంటుంది. థ్వైట్స్ దగ్గర ఇంకా ఎంత మంచు నిలుస్తుందని లెక్కగట్టే నమూనాలకు కావలసింది ఇలాంటి కొలతలే.