గుమ్మడి పాదు, వడియాల డబ్బా

శ్రోతలందరికీ నమస్కారం.

తుపాను హెచ్చరిక అనగానే మనం ముందు ఎక్కడికి పరుగెడతాం? కిరాణా కొట్టుకి. కొవ్వొత్తులు, బ్రెడ్డు, పాల పాకెట్లు, బంగాళాదుంపలు. అందరం ఒకే పూట వెళతాం, సాయంత్రానికి కొట్లో ఏమీ మిగలదు. ఆ పరుగు లేకుండా ఇల్లు నడుపుకునే పద్ధతి మన ఇళ్ళలోనే ఒకటుంది. దాని గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. అందులోనూ ముఖ్యంగా ఒక్క కాయ గురించి. బూడిద గుమ్మడికాయ గురించి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. ఆ గాలి ఎలాంటిదో విశాఖ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి, ఫోన్లు పలకలేదు. గాలి ఒక్క రోజులో వెళ్ళిపోయింది. కరెంటు మాత్రం చాలా పేటలకి రోజుల తరబడి రాలేదు. కరెంటు లేకపోతే మోటారు ఆడదు, మోటారు ఆడకపోతే కుళాయిలో నీళ్ళుండవు. మిక్సీ లేదు, గ్రైండరు లేదు. ఫ్రిజ్ ఉన్నా లేనట్టే. మా వీధిలో మర్నాడే అందరూ ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ తీసి వండేసుకున్నారు. పాలు విరిగిపోయాయి, దోసెల పిండి పుల్లబడిపోయింది. ఆ తరవాత ఎవరింట్లో ఏం నిల్వ ఉందో తేలిపోయింది. బియ్యం అందరి దగ్గరా ఉన్నాయి. అన్నంలోకి ఏముంది? అదీ ప్రశ్న.

మా ఎదురింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు, అనకాపల్లి వైపు పల్లెటూరి మనిషి. ఆ రోజుల్లో ఆవిడ వంటింట్లో పెద్ద హడావిడేమీ కనిపించలేదు. అన్నం వార్చేవారు. ముద్దపప్పు చేసేవారు. చింతపండు పిసికి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ వేసి పచ్చిపులుసు కలిపేవారు. జాడీలోంచి కాస్త మాగాయ తీసేవారు. అటక మీది డబ్బా దించి, గుప్పెడు గుమ్మడి వడియాలు వేయించేవారు. "కూరలు లేవు, ఏం చేస్తాం" అని వీధంతా అనుకుంటుంటే ఆ ఇంట్లో ఆ మాటే పుట్టలేదు. చుట్టుపక్కల పిల్లల చేతుల్లో కూడా తలా నాలుగు వడియాలు పెట్టారు. నేను ఆవిణ్ణి అడిగాను, "పిన్నిగారూ, తుపాను వస్తుందని ముందే అనుకున్నారా?" అని. "ఏటా పెట్టేవేనమ్మా ఇవి, మాఘమాసంలో పెట్టినవి" అన్నారు.

ఏటా పెట్టేవి. ఆ మాట నాలో నిలిచిపోయింది.

ఒక్కసారి మన పాత ఇళ్ళ లెక్క గుర్తు చేసుకోండి. సంక్రాంతికి కొత్త ధాన్యం, కందులు. మాఘ ఫాల్గుణాల్లో వడియాలు, అప్పడాలు. శివరాత్రి దాటాక కొత్త చింతపండు, ఎండుమిరపకాయలు. వైశాఖంలో ఆవకాయ, మాగాయ, మామిడి ఒరుగులు. గోరుచిక్కుడు ఒరుగులు, వంకాయ ఒరుగులు, చల్ల మిరపకాయలు కూడా ఆ ఎండల్లోనే. రోహిణి కార్తె ముగిసేలోగా అన్నీ ఎండి, జాడీలకెక్కి, వాసెన కట్టించుకుని కూర్చునేవి. ఆపైన మృగశిర, వానలు. ఇక మన తీరం మీదికి పెద్ద తుపానులు ఎక్కువగా ఎప్పుడొచ్చాయో చూడండి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. హుద్‌హుద్ అక్టోబరులో. సిక్కోలుని అతలాకుతలం చేసిన తిత్లీ 2018 అక్టోబరు 11న. మే నెలలో వచ్చినవీ లేకపోలేదు, 1990 నాటి తుపాను అలాంటిదే. కానీ ఎక్కువ భయం ఆశ్వయుజ, కార్తీకాల్లోనే. ఆ నెలలు వచ్చేసరికి ఇల్లు నిండుగా ఉండేది. దీన్ని ఎవరూ విపత్తు సన్నద్ధత అని పిలవలేదు, అది సంసారం.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఉప్పెన ముప్పు ఉన్న ఊళ్ళలో, అధికారులు కదలమంటే వెంటనే కదలాలి. జాడీలు, డబ్బాలు చూసుకుంటూ కూర్చోకూడదు. నేను చెబుతున్న నిల్వ, ఇల్లు నిలబడి, మనం క్షేమంగా ఉండి, బజారు తెరుచుకోని రోజుల కోసం.

సరే, మన గుమ్మడికాయ దగ్గరికి వద్దాం.

బూడిద గుమ్మడి విత్తు మృగశిరలోనో ఆరుద్రలోనో పెడతారు. పాదు దడి మీదికీ, పందిరి మీదికీ, పాక మీదికీ తనంతట తాను ఎగబాకుతుంది. ముందు మగ పూలు పూస్తాయి. ఆ తరవాత ఆడ పూలు. ఆడ పూవుని గుర్తుపట్టడం తేలిక, పూవు కిందనే నూగుతో చిన్న పిందె ఉంటుంది. తేనెటీగలు తిరిగే చోట మనం చేయాల్సిందేమీ లేదు. మేడ మీద పెంచేవాళ్ళకి మాత్రం పిందెలు పసుపెక్కి రాలిపోతుంటాయి. అప్పుడు పొద్దున్నే ఒక మగ పూవు తుంచి, రేకలు తీసేసి, మధ్యలో పుప్పొడి ఉన్న భాగాన్ని ఆడ పూవు మధ్యలో మెల్లగా తాకించండి. పిందె నిలుస్తుంది.

లేత కాయ మీద నూగు ఉంటుంది, చేతికి గుచ్చుకుంటుంది. కాయ ముదిరేకొద్దీ నూగు రాలిపోయి తెల్లటి బూడిద పడుతుంది. మనం బూడిద అంటాం గానీ అది సన్నటి మైనపు పూత. లోపలి నీటిని బయటికి పోనివ్వదు. అందుకే బాగా ముదిరిన కాయ, కోసిన తరవాత కూడా నెలల తరబడి నిలవ ఉంటుంది. గుమ్మం మీద దిష్టికి కట్టిన కాయ ఎన్నాళ్ళు వేలాడుతుందో మీరు చూసే ఉంటారు. ఫ్రిజ్ లేదు, కరెంటు లేదు, మందు లేదు, ఉప్పు కూడా లేదు. కాయే తనని తాను దాచుకుంటుంది.

కోసేటప్పుడు మాత్రం తొడిమ బెత్తెడు వదిలి కోయాలి. తొడిమ ఊడివస్తే ఆ గాటు దగ్గరే కుళ్ళు మొదలవుతుంది. మీద ఉన్న బూడిద తుడవకూడదు, కడగకూడదు. కటిక నేల మీద కాకుండా గడ్డి మీదో, ఉట్టిలోనో, గాలి ఆడే చోట ఉంచాలి. కాయని కాయ తాకకూడదు.

ఇప్పుడు వడియాలు. ఇది నాకు చాలా ఇష్టమైన పని, కాస్త తీరిగ్గా చెబుతాను, వినండి.

మూడు కిలోల కాయకి మా ఇంటి లెక్క అరకిలో పొట్టు మినప్పప్పు. ముందురోజు సాయంత్రం కాయ కోసి, గింజలు, పీచు తీసేసి, చెక్కుతోనే సన్నటి ముక్కలు తరగాలి. ఉప్పు, పసుపు కలిపి, పాత పంచెగుడ్డలో మూట కట్టి, మీద రోకలిబండో, పెద్ద రాయో పెట్టాలి. రాత్రంతా నీరు కారిపోతుంది. ఎంత నీరు కారుతుందంటే తెల్లారి చూస్తే మూట సగానికి తగ్గి ఉంటుంది. ఇక్కడే సగం పని అయిపోయినట్టు. మిగతా సగం ఎండ చేస్తుంది.

మినప్పప్పు కూడా రాత్రే నానబెట్టాలి. పొద్దున్నే పొట్టు కడిగి, నీళ్ళు పోయకుండా గట్టిగా రుబ్బాలి. గారెల పిండి కంటే గట్టిగా ఉండాలి. పచ్చిమిరపకాయలు, జీలకర్ర, కాస్త ఇంగువ నూరి కలపాలి. అప్పుడు గుమ్మడి ముక్కలు మరొక్కసారి పిండి, ఈ పిండిలో వేసి కలపాలి. మేడ మీద తడిపిన పాత చీర పరిచి, ఉసిరికాయంత ఉండలు పెట్టుకుంటూ పోవాలి. ఎండ ఎక్కేలోపల పెట్టేయాలి, అందుకే ఇది ఒక్కరు చేసే పని కాదు. ఇద్దరు ముగ్గురు కూర్చుంటే గంటలో అయిపోతుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి నేను చెప్పేది కూడా అదే. నాలుగు ఫ్లాట్ల వాళ్ళు కలిసి ఒక పొద్దున మేడెక్కండి. కాకుల్ని తోలడానికి పిల్లల్ని కూర్చోబెట్టండి.

సాయంత్రం మంచు పడకముందే చీరతో సహా లోపలికి తెచ్చుకోవాలి. మర్నాడు చీర వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే వడియాలు విడివస్తాయి. వాటిని తిరగేసి మళ్ళీ ఎండబెట్టాలి. ఎండాలి. బాగా ఎండాలి. పైన గట్టిపడితే ఎండిపోయిందని చాలామంది డబ్బాలో పోసేస్తారు. అలా చేయకండి. ఒక వడియం తీసుకుని విరవండి. పెళుక్కున విరగాలి. విరిచిన చోట మధ్యలో రంగు తేడాగా, మెత్తగా కనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. మళ్ళీ ఎండలో పెట్టండి. మూడు రోజులా, నాలుగు రోజులా, వారమా అన్నది ఎండని బట్టి. లెక్క రోజులది కాదు, విరుపుది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఆహారం పాడవడానికి కావలసింది తడి. బూజు పట్టాలన్నా, పులవాలన్నా, కుళ్ళాలన్నా తడి కావాలి. ఉప్పు చేసే పనీ అదే, నీటిని పట్టి ఉంచుకుంటుంది, సూక్ష్మజీవులకి దక్కనివ్వదు. కందిపప్పుకి ఆముదం పట్టించినా, బియ్యంలో ఎండిన వేపాకు వేసినా అది పురుగు కోసం. తడిని ఆపేది ఎండే. బూజు కనిపిస్తే దులిపి వాడకండి, పారేయండి. కొన్ని రకాల బూజు వదిలే విషం వేయించినా పోదు.

వానాకాలం మధ్యలో తెరిపి ఇచ్చిన రోజున డబ్బా తీసి మళ్ళీ ఒక పూట ఎండ చూపించండి. తడి చెయ్యి పెట్టకండి. పెద్ద డబ్బా ఒకటి కాకుండా చిన్న డబ్బాలు రెండు మూడు వాడుకుంటే, ఒకటి పాడైనా మిగతావి ఉంటాయి.

వడియాలకి పొయ్యి కావాలి కదా అంటారు. కావాలి. ఐదు నిమిషాల మంట, రెండు గరిటెల నూనె. అది కూడా లేని పూట కోసం పొయ్యి అక్కర్లేనివి కొన్ని ఉంచుకోండి. అటుకులు, మరమరాలు, పుట్నాలు, వేరుశనగలు, బెల్లం. అటుకులు తడిపి బెల్లం కలిపితే పిల్లలకి ఒక పూట గడిచిపోతుంది. ఉత్తరాంధ్ర వాళ్ళకి చోళ్ళ సంగతి తెలుసు, మిగతా చోట్ల రాగులంటాం. చోళ్ళకి పురుగు పట్టడం అరుదు, బాగా ఎండితే ఏళ్ళ తరబడి ఉంటాయి. నీళ్ళు సరేసరి, హెచ్చరిక రాగానే బిందెలన్నీ నింపి పెట్టుకోండి.

పెరటి మొక్కల గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. పెనుగాలికి పందిరి నిలవదు. బీర, పొట్ల, ఆనప పాదులన్నీ పోతాయి. మునగ కొమ్మ విరిగిపోతుంది. అందుకే పెరట్లో ఒక మూల కందో, పెండలమో, చేమో నాటుకోమంటాను. పైన ఆకు చిరిగిపోయినా దుంప భూమిలో భద్రంగా ఉంటుంది. నీరు నిలవని మెరక చోటు చూసి నాటండి, నీరు నిలిస్తే దుంప కుళ్ళుతుంది. గాలి వెళ్ళిన మర్నాడే తోటకూర గింజలు చల్లుకుంటే నెల తిరక్కుండా కూర చేతికొస్తుంది. ఈలోగా పెసలు నానబెట్టి మూట కడితే రెండు రోజుల్లో మొలకలు.

ఇవన్నీ ఒకేసారి చేయమని నేను అనను. ఈ ఏడు ఒక్క పని చేయండి. ఒక్క గుమ్మడి పాదు పెట్టండి.

రోహిణి ఎండలు ఇంకా ఉన్నాయి. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర వస్తుంది. ఈలోగా మూరెడు లోతు గుంట తీసి, మాగిన పశువుల ఎరువు, మట్టి కలిపి నింపి ఉంచండి. మేడ మీద అయితే పాత నీళ్ళ డ్రమ్ము సగానికి కోయించి, అడుగున చిల్లులు పెట్టించండి, చిన్న కుండీ చాలదు. విత్తులు ఒక రాత్రి నానబెట్టి, గుంటకి నాలుగు చొప్పున వేలి కణుపు లోతులో పెట్టండి. మొలిచాక బలంగా ఉన్నవి రెండు ఉంచి, మిగతావి తీసేయండి. విత్తులు లేవంటే, ఈ వేసవిలో వడియాలు పెట్టిన ఇంటికి వెళ్ళి అడగండి. ముదురు కాయ కడుపు నిండా గింజలుంటాయి. కడిగి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి దాచినవాళ్ళు మీ వీధిలోనే ఒకరుంటారు, గుప్పెడు ఇస్తారు.

సెలవు. నమస్కారం.