చివరి వాక్యం నుంచి మొదలుపెట్టకండి: కెన్నెత్ విలియమ్స్ డైరీలు చదివే పద్ధతి

అందరికీ నమస్కారం.

'క్యారీ ఆన్' అనే బ్రిటిష్ హాస్య చిత్రాల వరుసలో 26 సినిమాలు చేసి, రేడియోలో గొంతు ఒక్కదానితోనే జనాన్ని పడిపడి నవ్వించిన బ్రిటిష్ హాస్యనటుడు కెన్నెత్ విలియమ్స్. 1988 ఏప్రిల్ 15న, 62 ఏళ్ల వయసులో, లండన్‌లోని తన ఫ్లాట్‌లో చనిపోయి కనిపించారు. ముందురోజు డైరీలో రాసిన చివరి మాట, మన భాషలో చెప్పుకుంటే, 'ఛీ, ఇదంతా ఎందుకసలు?'

చాలామంది ఆ మాటనే పట్టుకుని మిగతా జీవితమంతా దాని వెలుగులో చదువుతారు. తప్పు అక్కడే మొదలవుతుంది. నిద్రమాత్రల జాతి మందు మోతాదు మించడం వల్ల మరణం సంభవించిందని తేలింది కానీ, కావాలని మింగారో పొరపాటున జరిగిందో విచారణలో తేలలేదు. అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి, అంటే కరోనర్, 'ఓపెన్ వెర్డిక్ట్' ఇచ్చారు, అంటే ఎలా జరిగిందో తేల్చకుండా వదిలేశారు. విచారణ తెరిచి ఉంచిన తలుపును మనం మూసేయకూడదు.

2015లో బ్రిటిష్ లైబ్రరీ ఆయన 43 డైరీలనూ, సుమారు 2,000 ఉత్తరాలనూ సేకరించింది. 1993లో పుస్తకంగా వచ్చింది వాటిలోంచి ఏరిన కొంత భాగమే. ఏరేటప్పుడు సహజంగానే పదునైన తిట్లు, కన్నీళ్లు మిగులుతాయి. ఏమీ జరగని మంగళవారాలు పోతాయి. మనిషి ఎలా బతికాడో చెప్పేవి ఆ మంగళవారాలే.

ఆ లైబ్రరీ రీడింగ్ రూమ్‌లోకి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. చేతులు శుభ్రంగా, పొడిగా ఉండాలి. కుట్టు ఉన్న వీపు విరగకుండా డైరీని ఫోమ్ ఆసరా మీద తెరవాలి. నోట్సుకి నాలుగు గడులు గీసుకోండి: సంఘటన తేదీ, రాసిన తేదీ, రాసింది, బయటి సాక్ష్యం. మొదటి రెండూ ఒకటే అనుకుంటే దెబ్బతింటారు. రేడియో కార్యక్రమం రికార్డయిన రోజు వేరు, ప్రసారమైన రోజు వేరు. 'ఈరోజు ఘోరంగా చేశాను' అన్న మాట ఏ రోజుదో తేల్చుకున్నాకే ఆ రికార్డింగు వినండి. హాలు నవ్వులతో మారుమోగుతుంటే డైరీ అబద్ధమని కాదు. ఇంటికొచ్చాక రాత్రి ఆయనకు అలా అనిపించింది, అంతే. డైరీ తీర్పు పుస్తకం కాదు, ఆ గంట నాటి ఉష్ణోగ్రత.

అదే వారం స్నేహితులకు రాసిన ఉత్తరాలు పక్కన పెట్టుకోండి. ఉత్తరం ఎదుటివాళ్ల కోసం రాసింది కాబట్టి ప్రదర్శన ఉంటుంది. నా ఉద్దేశంలో డైరీలోనూ ఉంటుంది. నటుడు ఒంటరిగా ఉన్నా నటుడే. చేతిరాతను కూడా కంటితో చూడాలి. ఆయన కుర్రతనంలో మ్యాపుల లితోగ్రఫీ, అంటే రాతిపలక మీద గీసి అచ్చువేసే పని, నేర్చుకున్నారు, యుద్ధకాలంలో సైన్యపు సర్వే విభాగంలో పనిచేశారు. గీత విలువ తెలిసిన చెయ్యి అది. అక్షరం ఎక్కడ బిగుసుకుందో, ఎక్కడ పరుగెత్తిందో టైపు చేసిన ప్రతిలో కనపడదు.

మౌనాలు మరో చిక్కు. ఇంగ్లండ్‌లో 1967 దాకా పురుషుల మధ్య లైంగిక సంబంధం నేరం. అలాంటి రాతలు పోలీసుల చేతికి చిక్కితే సాక్ష్యమే. అందుకే కొన్ని సంగతులు చుట్టుతిప్పిన మాటల్లో వస్తాయి. ఒకే మాట కనీసం పది చోట్ల ఎలా వాడారో చూశాకే దానికి అర్థం రాసుకోండి.

లైబ్రరీలో 1988 డైరీని చిట్టచివర తెప్పించుకోండి. దానికి ముందు, విసుగు మాటలు ఏయే ఏళ్లలో ఎన్నిసార్లు వచ్చాయో, ఆ మర్నాడు ఆయన ఏం పని చేశారో వరుసగా లెక్క రాసుకోండి. ఆ పట్టిక పక్కన పెట్టుకుని ఏప్రిల్ 14 పేజీ తెరవండి.