బోర్లించి చూసే ముందు

శ్రోతలకు నమస్కారం. చేతితో చిత్రించిన పాత జర్మన్ పింగాణీ టీ, చాక్లెట్ సెట్లను సేకరించాలని ముచ్చటపడేవారు మొట్టమొదట చేసే పని, కప్పును బోర్లించి అడుగున ముద్ర ఉందా అని వెతకడం. ఆ పనిని చివరికి ఉంచి, ముందుగా బొమ్మను చూడమని నా మనవి.

తెల్లటి గట్టి పింగాణీ రహస్యం చాలాకాలం చైనా, జపాన్‌ల సొత్తుగానే ఉండేది. జర్మనీలోని సాక్సనీ ప్రాంత పాలకుడైన అగస్టస్, బంగారం చేయగలనన్న బ్యోట్‌గర్ అనే రసవాదిని నిర్బంధించి ప్రయోగాలు చేయించగా, చిర్న్‌హౌస్ అనే పండితుడి తోడ్పాటుతో 1708 ప్రాంతంలో బంగారానికి బదులు పింగాణీ చేతికందింది. 1710లో మైసెన్ పట్టణపు కోటలో కర్మాగారం వెలిసింది. 1720లో వియన్నా నుంచి హెరోల్ట్ అనే చిత్రకారుడు వచ్చి రంగులను అభివృద్ధి చేశాకే అక్కడి చిత్రకళకు నిండుదనం వచ్చింది. లోహపు భస్మాలతో చేసిన ఆ రంగులను గాజుపూత మీద అద్ది, మళ్లీ ఆవములో కాల్చేవారు.

ఆనాటి పూల నమూనాల్లో ఒకదానిని జర్మన్లు ‘ఇండియా పూలు’ అన్నారు. నిజానికి అవి చైనా, జపాన్ పూలే. ఈస్టిండియా కంపెనీల ఓడల్లో అటువంటి సరుకు రావడం వల్ల ఆ పేరు స్థిరపడింది.

చాక్లెట్ కూజాను చూడగానే గుర్తుపట్టవచ్చు. చిక్కటి చాక్లెట్ పానీయాన్ని చిలికి నురగ తెప్పించడానికి చిన్న కవ్వం అవసరం కనుక, పాత కూజాల మూత నడుమ దాని కాడ పట్టేంత రంధ్రం ఉండేది. చాక్లెట్ కప్పు టీ కప్పు కంటే పొడవు; తొలినాటి టీ కప్పులకైతే పిడి కూడా లేదు.

ఇక ముద్ర సంగతి. 1720ల నుంచి మైసెన్ వాడుతున్న నీలిరంగు జంట కత్తుల గుర్తును అనుకరించినవారు ఎందరో. అడుగున ‘జర్మనీ’ అని ఇంగ్లిషులో ఉంటే అది సాధారణంగా 1891 తరువాతి వస్తువు. దిగుమతి సరుకుపై దేశం పేరు ఉండాలని అమెరికా ఆ ఏడాది నుంచి నిర్బంధించింది. ఆ కాలపు చాక్లెట్ సెట్లలో చేతితో గీయకుండా, అచ్చువేసిన బొమ్మలు అతికించినవి ఎక్కువ. భూతద్దంలో చూస్తే అచ్చు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. కుంచె గీత మాత్రం ఒకచోట చిక్కగా మొదలై, మరోచోట పలచబడి ఆగుతుంది.

పూతలో లోపం ఏర్పడినచోట చిత్రకారులు ఒక పురుగునో, చిన్న పువ్వునో గీసి దానిని కప్పేసేవారు. నా దగ్గరున్న సాసరు అంచున, పూలకు దూరంగా, ఒంటరిగా ఒక పేడపురుగు ఉంది. దాని మీద వేలితో నిమిరితే, రంగు కింద ఆవగింజంత గుంట ఇప్పటికీ తగులుతుంది.