స్క్రిప్టు లేని హాస్యానికి రంగస్థలాన్ని సిద్ధం చేయడం

రంగస్థల మిత్రులకు, సాంకేతిక నిపుణులకు నమస్కారం.

ముందుగా రాసుకున్న సంభాషణ ఏదీ లేకుండా, ప్రేక్షకులు ఇచ్చిన మాటను పట్టుకుని అక్కడికక్కడ కథ అల్లి నవ్వించే ప్రదర్శనను మన నగరాల్లోనూ ఇప్పుడు ఇంప్రొవ్ అనే అంటున్నారు. ఆడేవారి చమత్కారం గురించి, సమయస్ఫూర్తి గురించి తరచూ చెప్పుకుంటూనే ఉంటాం కాబట్టి ఈ రోజు ఆ జోలికి పోను. కాఫీ దుకాణపు మేడ మీదో, కళాశాల గదిలోనో ఆడుతున్న ఆ ప్రదర్శన, తెర, వింగ్స్ (వేదికకు రెండు పక్కలా ప్రేక్షకులకు కనిపించని చోట్లు), లైటు బోర్డు (లైట్లను నడిపే మీటల బల్ల), టిక్కెట్టు కౌంటరు ఉన్న వృత్తి రంగస్థలానికి వచ్చినప్పుడు ఆ రంగస్థలం తన పద్ధతుల్లో వేటిని మార్చుకోవాలన్నదే నా విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నటులకు స్క్రిప్టు లేదంటే లైట్లు నడిపేవారికీ, వాద్యం వాయించేవారికీ, వింగ్స్‌లో నిలబడేవారికీ కూడా లేదనే అర్థం. అందువల్ల వారిని సిబ్బందిగా కాక నటబృందంలో సభ్యులుగా లెక్కించి, వారితో కలిసి సాధన చేయాలి.

1960 అక్టోబరులో న్యూయార్క్ బ్రాడ్వేలోని జాన్ గోల్డెన్ థియేటరులో మైక్ నికొల్స్, ఎలైన్ మే అనే ఇద్దరు నటులు ఆర్థర్ పెన్ దర్శకత్వంలో ఒక హాస్య ప్రదర్శన మొదలుపెట్టారు. షికాగోలో 1955లో పుట్టిన కంపాస్ ప్లేయర్స్ బృందంలో ఆశువుగా నటించడం నేర్చుకున్నవారు ఇద్దరూ. అయితే బ్రాడ్వేలో వారు ప్రదర్శించిన ఘట్టాల్లో అధిక భాగం అంతకు ముందు ఎన్నోసార్లు ఆడి, చెక్కి, స్థిరపరచుకున్నవే. ఒక్క ఘట్టాన్ని మాత్రం నిజంగా ఖాళీగా ఉంచారు: మొదటి వాక్యం, చివరి వాక్యం, ఏ రచయిత శైలిలో ఆడాలో ప్రేక్షకులే చెప్పాలి, ఆ రెండు వాక్యాల మధ్య నాటకాన్ని వారిద్దరూ అప్పటికప్పుడు నడపాలి. డబ్బు పెట్టి వచ్చిన ప్రేక్షకుడికి సాయంత్రమంతా ప్రమాదం చూపించనవసరం లేదు, కానీ చూపించిన కాసేపూ అది నిజమైన ప్రమాదమై ఉండాలి అన్న లెక్క ఆ అమరికలో కనిపిస్తుంది.

షికాగోలోనే 1959 డిసెంబరు 16న ప్రారంభమైన సెకండ్ సిటీ మరో దారి పట్టింది. ప్రధాన ప్రదర్శనలోని ఘట్టాలు సాధనలో ఆశువుగా పుట్టి, తరువాత స్థిరపడినవి; ఆ ప్రదర్శన ముగిశాక ప్రేక్షకుల సూచనల మీద మరికాసేపు ఆడతారు, అందులో బాగా పండినవి వచ్చే ప్రదర్శనకు ముడిసరుకవుతాయి. ఆ సంస్థను నిలబెట్టినవారిలో ఒకరైన పాల్ సిల్స్, వయోలా స్పోలిన్ కుమారుడు. షికాగోలో సామాజిక సేవా కేంద్రాల్లో పిల్లల కోసం ఆమె రూపొందించిన రంగస్థల ఆటలే ఈ మొత్తం సంప్రదాయానికి పునాది, ఆ ఆటలను ఆమె 1963లో పుస్తకంగా అచ్చువేశారు. నాలుగు కుర్చీలు, ఒక పియానో ఉంటే చాలన్న అలవాటు ఈ వంశం నుంచే వచ్చింది. దాన్ని పేదరికం అనుకుని పెద్ద రంగస్థలాలు సరిదిద్దబోవడం తరచుగా జరిగే పొరపాటు.

లండన్‌లో అడ్డంకి చట్టం రూపంలో ఉండేది. 1843 నాటి చట్టం ప్రకారం ప్రతి కొత్త నాటకాన్నీ రాజకుటుంబపు అధికారి అయిన లార్డ్ చాంబర్లేన్ కార్యాలయానికి పంపి, మాట మాటకూ అనుమతి పొందాలి. అనుమతి పొందిన పాఠాన్ని దాటి నటులు సొంతంగా మాటలు కలిపారన్న అభియోగంతో 1958లో జోన్ లిటిల్‌వుడ్ నడిపిన థియేటర్ వర్క్‌షాప్ మీద కేసు పెట్టి, చిన్న మొత్తమే అయినా జరిమానా వేశారు. రాయల్ కోర్ట్ థియేటరులో పనిచేస్తూ ఆశునటన నేర్పిన కీత్ జాన్‌స్టన్‌కు ఇదే చిక్కు: లేని స్క్రిప్టుకు అనుమతి ఎలా అడగాలి? అందుకే తొలి రోజుల్లో ఆయన ఈ పనిని నాటకం అనకుండా బహిరంగ పాఠంగా, ప్రయోగాత్మక తరగతిగా ప్రేక్షకుల ముందుకు తెచ్చారు. 1968లో కొత్త చట్టం వచ్చి ఆ ముందస్తు పరిశీలన రద్దయింది. ఇక్కడ చిన్న పక్కమాట. మన నాటక పరిషత్తుల పోటీలకు ముందుగా స్క్రిప్టు ప్రతులు పంపడం ఆనవాయితీ, దానికి న్యాయమైన కారణాలూ ఉన్నాయి. కానీ ఆ దరఖాస్తు పత్రంలో ఆశునాటకానికి గడి లేదని నిర్వాహకులు గమనించాలి.

జాన్‌స్టన్ తరువాత కెనడాలోని కాల్గరీకి వెళ్లి 1977లో థియేటర్‌స్పోర్ట్స్ అనే పోటీ రూపాన్ని మొదలుపెట్టారు. కుస్తీ పోటీల్లో జనం కేకలు, ఈలలు చూసి, నాటకశాలలోనూ అంత ఉత్సాహం ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నతో ఆయన బయలుదేరారు. న్యాయనిర్ణేతలు అంకెల అట్టలు పైకెత్తి చూపుతారు, ఘట్టం విసుగెత్తిస్తే బూర మోగించి ఆపేస్తారు. లైట్లు నడిపే వ్యక్తికి కూడా ఘట్టాన్ని ముగించే అధికారం ఉండడం ఇటువంటి ప్రదర్శనల్లో సాధారణం. ఈ అధికారం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే వృత్తి రంగస్థలం తడబడేది ఇక్కడే.

రాసిన నాటకంలో ముగింపు రచయిత చేతిలో ఉంటుంది, లైటు మనిషి ఆ వాక్యం విని మీట నొక్కుతాడు. ఆశునాటకంలో ముగింపు ఎక్కడో ఎవరికీ తెలియదు, ఆడుతున్న నటులకు అసలే తెలియదు, ఎందుకంటే వారు కథలో మునిగి ఉన్నారు. నవ్వు శిఖరానికి చేరిన క్షణంలో చీకటి చేయగలిగితే సాధారణ ఘట్టం కూడా గొప్పగా ముగిసినట్టు అనిపిస్తుంది. నాలుగు క్షణాలు ఆలస్యమైతే నటుడు మరో మాట వెతుక్కుంటాడు, ఆ మాట ముందున్నదానికంటే తక్కువగా ఉంటుంది, నవ్వు చల్లారిపోతుంది. అంటే చివరి వాక్యాన్ని రాసేది లైటు బోర్డు దగ్గర కూర్చున్న మనిషే. అతనికి కథ తెలియాలి, హాస్యం తెలియాలి, ఈ నటుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో తెలియాలి. ఇవేవీ క్యూ షీటులో, అంటే ఏ మాటకు ఏ లైటు మార్చాలో చెప్పే జాబితాలో, రాసి ఇచ్చేవి కావు.

కాబట్టి బోర్డు అమరిక కూడా మారాలి. వృత్తి నాటకాల్లో క్యూలను వరుస సంఖ్యలతో భద్రపరచి, ఒక్కో నొక్కుకు ఒక్కో మార్పు వచ్చేలా పెట్టడం అలవాటు. ఇక్కడ ఆ వరుసకు అర్థం లేదు. వేదిక మొత్తానికి వెచ్చని వెలుగు ఒకటి, చల్లని వెలుగు ఒకటి, మధ్యన ఒక్కరికే సరిపోయే వృత్తం, ఎడమ భాగం, కుడి భాగం, భయానికో ప్రేమకో పనికొచ్చే ఒకటి రెండు రంగులు, అన్నీ విడివిడి ఫేడర్ల (వెలుగును పెంచి తగ్గించే జారుడు మీటల) మీద, వేళ్ల కింద సిద్ధంగా ఉండాలి. ఎనిమిది తొమ్మిది ఫేడర్లు దాటితే చేతికి అయోమయం తప్ప లాభం లేదని నా అనుభవం. ప్రేక్షకుల నుంచి సూచనలు తీసుకునే సమయంలో హాలు దీపాలు కొంచెం వెలిగించి ఉంచాలి. నటుడికి ఎదురుగా నల్లటి గోడలా కనిపిస్తే ముందు వరుసలోని గట్టి గొంతులే గెలుస్తాయి, బాల్కనీలో కూర్చున్న వారికి ఆటలో చోటు దొరకదు.

శబ్దం సంగతి ఇంతకంటే మొండిది. తరువాత మాట్లాడేది ఎవరో తెలియదు కనుక మైకులన్నీ తెరిచే ఉంచాలి, అన్నీ తెరిచి ఉంచితే కీచుమని అరుస్తాయి. దీనికి నాకు తెలిసిన మంచి పరిష్కారం చిన్న హాలును ఎంచుకోవడమే. మూడు నాలుగు వందల మందికి మించని చోట, గొంతు సాధన ఉన్న నటులతో, మైకుల అవసరాన్ని బాగా తగ్గించవచ్చు. సంగీతకారుణ్ణి వేదిక ముందు వాద్యబృందం కూర్చునే గుంటలోనో వింగ్స్ లోపలో దాచకూడదు. నటుడి భుజం కదలిక చూసి రాగం మార్చవలసిన మనిషి కనుక అతను వేదిక పక్కన, ముందు భాగంలో, అందరికీ కనిపించేలా ఉండాలి. లండన్‌లో 2008లో మొదలైన షోస్టాపర్ బృందం ప్రతి రాత్రీ ఒక సంగీత నాటకాన్ని పాటలతో సహా అప్పటికప్పుడు కడుతుంది. 2015లో వెస్ట్ ఎండ్‌లోని అపోలో థియేటరుకు వచ్చి, 2016లో ఒలీవియర్ పురస్కారం గెలుచుకుంది. వారి ప్రదర్శనలో ఒకరు రచయిత పాత్రలో వేదిక మీదే ఉండి, ప్రేక్షకులను అడిగి స్థలం, పేరు, పాటల శైలి తేల్చుకుంటారు, కథ పక్కదారి పడితే ఆపి మళ్లీ దారిలో పెడతారు. దర్శకుణ్ణి తెర వెనుక నుంచి ముందుకు తెచ్చి పాత్రగా మార్చడం నాకు చాలా తెలివైన పనిగా తోస్తుంది, ఎందుకంటే దిద్దుబాటు కూడా వినోదంలో భాగమైపోతుంది.

ఇక ప్రేక్షకుల నమ్మకం. పెద్ద హాలులో వెనుక వరుసలో కూర్చున్నవాడికి మొదట వచ్చే అనుమానం ఒక్కటే: ఇదంతా ముందే మాట్లాడుకున్నదేమో. 2019లో బ్రాడ్వేలోని బూత్ థియేటరులో ఆడిన ఫ్రీస్టైల్ లవ్ సుప్రీమ్ అనే ర్యాప్ ఆశుప్రదర్శనలో ప్రేక్షకులు ఆట మొదలయ్యే ముందే చీటీల మీద మాటలు రాసి ఇచ్చేవారు, వేదిక మీద ఆ చీటీలు తీసి చదివేవారు. ప్రేక్షకుల ఫోన్లను తాళం వేసిన సంచుల్లో పెట్టించేవారు. ఈ విషయంలో మనకు ఎవరూ కొత్తగా నేర్పనవసరం లేదు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు వేదిక మీదే కూర్చుని, సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి వంటివి అందరికీ వినిపించేలా ఇస్తారు. అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడమే పనిగా అప్రస్తుత ప్రసంగి ఒకరు ఉంటారు. చివర ధారణలో పద్యాలన్నీ వరుసగా తిరిగి అప్పగించాలి. కష్టం ఎంతటిదో సభ కళ్ల ముందే కొలిచి చూపించే ఏర్పాటు అది. తేడా కూడా చెప్పాలి: పృచ్ఛకుడు విద్వాంసుడు, ముందుగా ఎంపికైనవాడు, ఇంప్రొవ్‌లో సూచన ఇచ్చేది ఎవరైనా కావచ్చు. అందుకే ఇక్కడ అడిగే తీరు ముఖ్యం. "ఏదో ఒక మాట చెప్పండి" అంటే ప్రతి ఊళ్లోనూ అవే నాలుగు సినిమా పేర్లు, అవే రెండు బూతులు వస్తాయి. "మీ అమ్మమ్మగారి ట్రంకు పెట్టెలో ఏముండేది?" అని అడిగితే హాలంతా ఆలోచనలో పడుతుంది, వచ్చే జవాబులో ఒక మనిషి ఉంటాడు. వచ్చిన మాటను సూత్రధారి మళ్లీ పైకి చెప్పి చివరి వరుసకు వినిపించాలి. ధారణ అంతటి క్రమం అవసరం లేదు గానీ, మొదటి పావుగంటలో వచ్చిన మాట చివరి ఘట్టంలో అనుకోని చోట తిరిగి తగిలినప్పుడు పడే చప్పట్లు ధారణకు పడే చప్పట్ల జాతివే.

వేదిక అలంకరణ గురించి ఒక్క విన్నపం. మన సభల్లో వెనుక ఎల్‌ఈడీ తెర పెట్టడం మామూలైపోయింది. దయచేసి ఈ ప్రదర్శనకు దాన్ని ఆపేయండి. నటి గాలిలో చేయి చాచి కిటికీ తెరిచినప్పుడు ప్రేక్షకుడు తన ఇంటి కిటికీని చూస్తాడు. వెనుక ఎవరో వెతికి పెట్టిన రైలు స్టేషను బొమ్మ వెలగగానే ఆ కిటికీ మాయమవుతుంది, పైగా కథ తరువాతి క్షణంలో పెళ్లిపందిరికి వెళ్తే బొమ్మ మార్చేవాడి తంటాలే అసలు హాస్యమవుతాయి. ఒట్టి నల్ల తెర, మనిషి ఎక్కి నిలబడినా ఊగని కుర్చీలు, రెండు ద్వారాలు చాలు. ప్రేక్షకుల్లో ఒకరిని పైకి పిలిచే అవకాశం ఉంటే మెట్లకు వెలుగు, పట్టుకోవడానికి ఆసరా, చేయి అందించేందుకు ఒక మనిషి ఉండాలి. చీకటి హఠాత్తుగా పడుతుంది కాబట్టి వేదిక అంచున, మెట్ల మీద చీకట్లో మెరిసే పట్టీలు అతికించడం తప్పనిసరి.

వ్యవధి గంటన్నర దాటించకండి, విరామం పెట్టాలా వద్దా అన్నది హాలు క్యాంటీను ఒప్పందాన్ని బట్టి ఎలాగూ తేలుతుంది.

చివరగా డబ్బు లెక్క. మన దగ్గర లైట్లు చాలాసార్లు అద్దెకు వస్తాయి, వాటితో పాటు వచ్చే మనిషి నాటకాన్ని ఆ సాయంత్రమే మొదటిసారి చూస్తాడు. రాసిన నాటకానికైతే పక్కన ఎవరో కూర్చుని చెవిలో చెబుతూ నెట్టుకొస్తాం. ఆశునాటకానికి ఆ దారి లేదు, ఎందుకంటే పక్కన కూర్చున్నవాడికీ ఏమీ తెలియదు. నిర్మాతగా మీరు హాలు బుక్ చేయడానికి ముందే లైటు మనిషి పేరు నిర్ణయించండి, అతను హాజరయ్యే ప్రతి రిహార్సల్‌కూ పారితోషికాన్ని నటుల పద్దులోనే రాయండి, గది సాధనలో బోర్డు లేకపోతే గోడ మీది స్విచ్చు చేతికిచ్చి, ఘట్టం ముగిసిందనిపించినప్పుడు దీపం ఆర్పమనండి. ఆర్పిన ప్రతిసారీ నటులు అతనితో వాదించనివ్వండి, ఎందుకు అప్పుడే ఆర్పావని అడగనివ్వండి. ఆ పారితోషికానికి పద్దు సరిపోకపోతే తగ్గించవలసింది అలంకరణ ఖర్చును, లేదా హాలు పరిమాణాన్ని.