టెక్నికల్ రైటర్‌కు ఏం వచ్చి ఉండాలి?

అందరికీ నమస్కారం.

ఉద్యోగ ప్రకటనలు ఓ నాలుగు ముందర పెట్టుకుని చూడండి. ఒకదాంట్లో టెక్నికల్ రైటర్, ఇంకోదాంట్లో ఇన్ఫర్మేషన్ డెవలపర్, మరోచోట డాక్యుమెంటేషన్ స్పెషలిస్ట్. కింద పని వివరం చదివితే చాలాసార్లు ఒక్కటే: వాడేవాళ్లకు అర్థమయ్యేలా, తప్పు జరగకుండా రాయడం. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి ఈ ఉద్యోగం వెతికే పిల్లలు మొదట తికమకపడేది ఈ పేర్ల దగ్గరే.

డాక్టరుకు, వకీలుకు రిజిస్ట్రేషన్ ఉంటుంది. మన దేశంలో టెక్నికల్ రైటర్‌కు అట్లాంటిది లేదు; ఎవరైనా ఆ పేరు పెట్టుకోవచ్చు. అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తుల వర్గీకరణలో ఈ పని 2641 నంబరు కింద ఉంది. కవులు, నవలాకారులు కూడా అదే నంబరు కింద ఉన్నారు. అమెరికాలో 1953లో మొదలైన సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ మూడు అంచెల్లో సర్టిఫికెట్ ఇచ్చేది. ఆ సంస్థే 2025 జనవరిలో మూతపడింది. దాని కోసం చదివినవాళ్ల చదువు ఎక్కడికీ పోదు. కానీ కొత్తగా వచ్చేవాళ్లు హోదా పేరు వెంట పడకుండా, ఎదుటివాళ్లు పరీక్షించి చూడగల నైపుణ్యం మీద సమయం పెట్టాలన్నది మా గట్టి అభిప్రాయం.

ఆ నైపుణ్యం ఎట్లుంటుందో మన జిల్లా పేరు మోసే ఒక పద్ధతితోనే చూద్దాం. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరి తయారుచేసిన పద్ధతిని ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అంటుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మడ్డి కిందికి దిగాక పైన తేటనీళ్లు తీసుకోవడం దాని సారం. దీన్ని ఇంట్లో చేసుకోవడానికి కరపత్రం రాయాలనుకోండి. చాలామంది ఇట్లా రాస్తారు:

“నీళ్లలో తగినంత పటిక వేసి బాగా కలిపి కొంతసేపు తేరనిచ్చి వాడుకోవాలి.”

చదవడానికి హాయిగా ఉంది. చేయబోతే ఒక్క మాటా పనికిరాదు. ‘తగినంత’ అంటే ఎంత? పటిక మోతాదు నీళ్లలోని ఫ్లోరైడ్‌ను బట్టే కాదు, క్షారతను (నీళ్లలో కరిగిన కార్బొనేట్లు, బైకార్బొనేట్ల మోతాదును) బట్టి కూడా మారుతుంది. ఒక బోరుకు సరిపోయిన చెంచా పక్క బోరుకు సరిపోదు. తక్కువైతే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది. మోతాదు మించితే నీళ్లలో అల్యూమినియం మిగిలే ప్రమాదం ఉంది. కాబట్టి నీటి పరీక్ష ఫలితం లేకుండా మొదటి మెట్టే రాయలేం. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ఫ్లోరైడ్‌కు పెట్టిన కోరదగిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5. ఈ అంకె కూడా కరపత్రంలో ఉండాలి, లేకపోతే ఎంతవరకు తగ్గించాలో తెలియదు.

తర్వాత లెక్క. ఈ పద్ధతి కోసం అచ్చువేసిన పట్టికల్లో పటిక మోతాదు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, వంటింట్లో ఉండేది బకెట్. ఉదాహరణకు పట్టికలో లీటరుకు 500 మిల్లీగ్రాములు అని ఉంటే 40 లీటర్లకు 20 గ్రాములు, 15 లీటర్ల బకెట్‌కు ఏడున్నర గ్రాములు. బకెట్ కొలత రాయకుండా గ్రాములు రాస్తే అది తప్పు సూచనే. ‘బాగా కలపడం’ కాదు, సుమారు 20 నిమిషాలు నెమ్మదిగా కలపడం. వేగంగా తిప్పితే పేరుకుంటున్న మడ్డి చెదిరిపోతుంది. ‘కొంతసేపు’ అంటే దాదాపు గంట. నీళ్లు పట్టే నల్లా బకెట్ అడుగు నుంచి 3–5 సెంటీమీటర్ల పైన ఉండాలి, లేకపోతే మడ్డి కూడా గ్లాసులోకి వస్తుంది.

ఇంకొకటి. పటిక ముందా, సున్నం ముందా అన్న దగ్గర అచ్చులో ఉన్న వివరణలన్నీ ఒక్కలా లేవు. ఇక్కడే మంచి రైటర్ బయటపడతారు. నచ్చిన దాన్ని ఎంచుకోరు, రెండూ కలిపి గోడమీది పిల్లిలా రాయరు. రెండు కాగితాలూ తీసుకుని పోయి రసాయన శాస్త్రం తెలిసినవారిని అడిగి, జవాబును తేదీతో సహా ఫైల్లో పెట్టుకుంటారు.

మన భాషలో ఉన్న ఒక ఉచ్చు కూడా చెప్పాలి. ‘వేసి, కలిపి, తేర్చి, వంచి’ అని తెలుగు క్రియలు గొలుసులా అల్లుకుంటాయి. కథకు అది అందం. సూచనల్లో మాత్రం నాలుగు మెట్లు ఒక వాక్యంలో దాక్కుంటాయి. విమానాల నిర్వహణ పత్రాలకు వాడే ఎస్‌టీఈ (సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్) అనే సరళ ఇంగ్లీషు నియమాల్లో, చేయమని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, సాధారణంగా వాక్యానికి ఒకే పని. ఆ 20 లెక్క తెలుగుకు అట్లాగే పెట్టొద్దు. ‘కలపకపోయినట్లయితే’ మనకు ఒకే మాట. ఒక వాక్యానికి ఒక పని అన్నది మాత్రం తప్పక తెచ్చుకోండి.

హెచ్చరికలు పని మెట్టుకు ముందే రావాలి. బ్లీచింగ్ పౌడర్ డబ్బా మూత తీశాక ‘ముక్కుకు దగ్గరగా పెట్టొద్దు’ అంటే ఏం లాభం? ప్రమాదం, హెచ్చరిక, జాగ్రత్త అనే మూడు మాటలను మనం కలిపి వాడేస్తాం. అమెరికా భద్రతా ప్రమాణం జెడ్535లో వాటికి సమానమైన మాటలు మూడు వేర్వేరు స్థాయులు: తప్పించుకోకపోతే చావో తీవ్ర గాయమో ఖాయం అన్నది మొదటిది, అవి జరగవచ్చు అన్నది రెండోది, చిన్న లేదా ఓ మోస్తరు గాయం కావచ్చు అన్నది మూడోది. వాడుక సూచనల అంతర్జాతీయ ప్రమాణం 82079-1 రాసేవాళ్ల సామర్థ్యాల గురించి కూడా మాట్లాడుతుంది. ఇంటర్వ్యూకు పోయేముందు అందులోని విషయాలు తెలుసుకుని ఉంటే మంచిది.

సాఫ్ట్‌వేర్ల సంగతి రెండు మాటల్లో. ఫ్రేమ్‌మేకర్, ఫ్లేర్, ఆక్సిజన్, మార్క్‌డౌన్ లాంటి రాత పనిముట్లలో దేన్నైనా పని అవసరం పడితే నేర్చుకోవచ్చు. సాంకేతిక సమాచారాన్ని విడివిడి అంశాలుగా రాసే డిటా అనే ప్రమాణం 2005 నుంచి నేర్పుతున్న తేడా మాత్రం ముందే పట్టుబడాలి: వివరించేది వేరు, చేయించేది వేరు, వెతుక్కునే పట్టిక వేరు. నీళ్ల కరపత్రంలో ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను ఏం చేస్తుందన్నది మొదటిది, బకెట్ పని రెండోది, మోతాదులు మూడోది. మూడూ కలిపేస్తే మోతాదు కావాల్సినవాళ్లు పేజీ అంతా గాలించాలి.

ఇంటికి పోయాక ఆ కరపత్రం రాయండి. ఈ పని ఎప్పుడూ చేయనివాళ్ల చేతికి ఇవ్వండి. ఆ నీళ్లు ప్రయోగానికే, పరీక్ష చేయించకుండా ఎవరూ తాగొద్దు. మీరు పక్కన కూర్చోండి, నోరు మెదపొద్దు. కలిపే చేయి ఆగి, కళ్లు మళ్లీ కాగితం వైపు పోయిన ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. గీత పడ్డ వాక్యాలను తిరగరాసి, మర్నాడు ఇంకొకరికి ఇవ్వండి. ఉద్యోగానికి పోయినప్పుడు ఆ రెండు కాగితాలూ, గీతలతో సహా, బల్ల మీద పెట్టండి.